గుడ్లు అమ్మితే మ్యూట్: ఒకే మోడరేటర్ ఎనిమిది విండోలు కాసిన మైన్‌క్రాఫ్ట్ సర్వర్ కేసు

ఇందులో సర్వర్ పేరు, ఆటగాళ్ల పేర్లు, తేదీలు తీసేశాం. మోడరేటర్ల (సర్వర్‌లో క్రమశిక్షణ చూసేవాళ్ల) అనుమతి తీసుకునే రాస్తున్నాం. ఆటల సర్వర్లు నడిపేవాళ్లు, వాటిలో రాత్రిళ్లు కాపలా కాసేవాళ్లు తమ దగ్గరి పరిస్థితితో పోల్చి చూసుకుంటారనే ఉద్దేశంతో, ప్రతి నిర్ణయం వెనుక కారణం వివరంగా రాశాం.

నేపథ్యం

అది మైన్‌క్రాఫ్ట్ (బ్లాకులు తవ్వి, పేర్చి ఆడే ఆట) జావా ఎడిషన్ సర్వైవల్ సర్వర్. ఆడేవాళ్లలో ఎక్కువ మంది ఇంటర్, ఇంజనీరింగ్ విద్యార్థులు. కొందరు ఉద్యోగస్తులు, కొందరు డాలస్ వైపు స్థిరపడిన తెలుగువాళ్లు. మామూలు రోజు పాతిక మంది ఉంటారు. శనివారం రాత్రి 80 దాకా చేరతారు, ఎందుకంటే ఆ రోజు 8 నుంచి 11 వరకు సర్వర్‌లో సంత. ఆటగాళ్లు దుకాణాలు పెట్టి కోళ్లు, గుడ్లు, గోధుమలు, వజ్రాల పనిముట్లు అమ్ముకుంటారు. ఓనర్ సంతలో తిరుగుతూ దాన్ని యూట్యూబ్‌లో లైవ్ ఇస్తాడు.

జాబితాలో ఆరుగురు మోడరేటర్లు ఉన్నారు. అందరూ జీతం లేకుండా చేసేవాళ్లే. శనివారం రాత్రి నిజంగా కూర్చునేది ముఖ్య మోడరేటర్ ఒక్కరే. కుదిరితే ఇంకొకరు వస్తారు. ముఖ్య మోడరేటర్ బల్ల మీది సరంజామా ఇది: పెద్ద మానిటర్ మీద ఆట. పక్కన పాత మానిటర్ మీద డిస్కార్డ్ (ఆటగాళ్లు మాట్లాడుకునే యాప్) పబ్లిక్ ఛానల్, ఫిర్యాదులు వచ్చే టికెట్ల ఛానల్, జరిగినవి నమోదయ్యే లాగ్ ఛానల్, విడిగా లాగి పెట్టుకున్న యూట్యూబ్ చాట్. ల్యాప్‌టాప్‌లో సర్వర్‌కు నేరుగా కమాండ్లు ఇచ్చే కన్సోల్. ఫోన్‌లో మోడరేటర్ల వాట్సాప్ గ్రూపు, డిస్కార్డ్‌లో నేరుగా వచ్చే మెసేజ్‌లు. మొత్తం నాలుగు తెరల మీద ఎనిమిది విండోలు. పైగా చెవిలో సంత వాయిస్ ఛానల్.

మా దగ్గరికి వచ్చిన సమస్య

ఒకే నెలలో మూడు సంఘటనలు జరిగాయి.

మొదటిది. ఒక ఆటగాడు రాళ్లకు అవతల ఏముందో చూపించే ఎక్స్‌రే ప్యాక్ వాడుతున్నాడని అనుమానం వచ్చింది. వజ్రం దగ్గరికి గీత గీసినట్టు తిన్నగా తవ్వుకుంటూ పోతున్నాడు. ముఖ్య మోడరేటర్ మోడరేటర్ల ఛానల్‌లో "ఈ తమ్ముడి మీద ఒక కన్నేసి ఉంచండి, ఎక్స్‌రే లాగుంది" అని రాయబోయి ఆట చాట్‌లో రాశారు. సంతలో ఉన్న 70 మందీ అమ్మకాలు వదిలేసి గనిలోకి దిగారు. అనుమానితుడు అప్పటికప్పుడు దారి మార్చి, వజ్రాల్లేని వైపు ఎంతో శ్రద్ధగా తవ్వడం మొదలుపెట్టాడు. ఆధారం పోయింది.

రెండోది. బూతులు తిడుతున్న ఒక కుర్రాడిని బ్యాన్ చేయాలి. అతని పేరు "సాయి"తో మొదలవుతుంది. కమాండ్ రాసి, పేరులో మొదటి మూడు అక్షరాలు కొట్టి, ట్యాబ్, ఎంటర్ నొక్కారు. తెలుగు సర్వర్‌లో సాయిలకు కొదవేముంది? ఆ సమయంలో తొమ్మిది మంది సాయిలు ఆన్‌లైన్‌లో ఉన్నారు. ట్యాబ్ నొక్కితే వరసలో మొదటి పేరు వచ్చి పడుతుంది. ఆ వరసలో అక్షరాల కంటే అంకెలు ముందుంటాయి. సాయి తర్వాత అంకె ఉన్నది ఒక్క ఓనర్ పేరులోనే. లైవ్‌లో సంత చూపిస్తున్న ఓనర్ తెర మీద "మీరు బ్యాన్ అయ్యారు, కారణం: బూతులు" అని పడింది. యూట్యూబ్ చాట్‌లో నవ్వులు ఆగలేదు. తిట్టిన కుర్రాడు మాత్రం ఇంకా తిడుతూనే ఉన్నాడు.

మూడోదే ఓనర్‌ను మా దాకా తెచ్చింది. ఒక ఆటగాడు సంత అంచున ఉన్న నాలుగు దుకాణాలను టీఎన్‌టీ పెట్టి పేల్చాడు. 40 నిమిషాల దాకా ఏ మోడరేటరూ గుర్తించలేదు. అంతసేపూ ముఖ్య మోడరేటర్ టికెట్లకు జవాబులు రాస్తున్నారు. ఆ టికెట్లన్నీ ఒకటే మొర: "అన్నా, గుడ్లు అమ్ముతుంటే మ్యూట్ పడుతోంది."

గుడ్ల సంగతి

ఇది కాస్త విడిగా చెప్పుకోవాలి. తెలుగు చాట్‌కు బూతుల ఫిల్టర్ పెట్టే ప్రతి ఒక్కరూ ఈ గుంటలోనే పడతారు.

ఇంగ్లీషు ఫిల్టర్‌కు ఒక మాట ఇస్తే ఆ మాటే దొరికితే చాలా వరకు చాలు. తెలుగులో మాట చివర విభక్తులూ ప్రత్యయాలూ అతుక్కుంటాయి. కి, తో, లు, ది, వి, గాడు, రా, వే ఇలా. ఒక బూతును యథాతథంగా నిషేధిస్తే దానికి ఒక తోక తగిలించి దర్జాగా వాడతారు. అందుకని ఇక్కడి మోడరేటర్లు డిస్కార్డ్ మెసేజ్‌లను తానే వడకట్టే ఆటోమాడ్‌లోనూ, ఆటలోని చాట్ ఫిల్టర్‌లోనూ మాట మొదటి భాగం రాసి చివర నక్షత్రం గుర్తు పెట్టారు. అంటే ఆ తర్వాత ఏమొచ్చినా పట్టుకో అని. ఆలోచన సరైనదే. ఎంచుకున్న మొదటి భాగం దగ్గరే చిక్కు వచ్చింది. "గుడ్డ" అనే మాటకు కొన్ని ప్రాంతాల్లో పచ్చి అర్థం ఉంది. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, చివరి అచ్చు తీసేసి నక్షత్రం పెట్టారు. దాంతో గుడ్డు, గుడ్డి, గుడ్డలు అన్నీ వలలో పడ్డాయి. కోళ్లు గుడ్లు పెట్టే ఆటలో, కోళ్ల సంత జరిగే రోజున.

పేర్లదీ ఇదే కథ. హర్షిత్, రక్షిత్, దీక్షిత్ అన్న పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే చివరి నాలుగు అక్షరాలు ఒక ఇంగ్లీషు బూతు. 1996లో ఇంగ్లండ్‌లోని స్కంథార్ప్ అనే ఊరి వాళ్లు ఊరి పేరులో దాగిన బూతు వల్ల ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సంస్థలో ఖాతాలు తెరవలేకపోయారు. అప్పటి నుంచి ఈ చిక్కుకు ఆ ఊరి పేరే స్థిరపడింది. మన సర్వర్‌లో ముగ్గురు దీక్షిత్‌లు తమ పేరు తాము చెప్పుకోలేని స్థితిలో ఉన్నారు.

మేం రాకముందు చేసిన ప్రయత్నాలు, అవి ఎందుకు నిలవలేదు

తెర పెంచారు. ఓనర్ డబ్బు పెట్టి ఇంకో పెద్ద మానిటర్ కొన్నాడు. ఒకదాని వెనుక ఒకటి దాగిన విండోలన్నీ ఇప్పుడు పక్కపక్కన కనిపిస్తాయి, కాబట్టి తప్పులు తగ్గుతాయి అన్నది లెక్క. తగ్గలేదు. మొదటి సంఘటనలో లోపం చూపుది కాదు. ముఖ్య మోడరేటర్ ఏ విండోను చూడాలో దాన్నే చూస్తున్నారు. కీబోర్డు మాత్రం వేరే విండోకు కట్టుబడి ఉంది. కంప్యూటర్‌లో అక్షరాలు కన్ను ఉన్నచోటికి వెళ్లవు, చివరిసారి క్లిక్ చేసిన చోటికి వెళతాయి. తెరలు పెరిగేకొద్దీ కన్ను ఒకచోట, క్లిక్ మరోచోట ఉండే అవకాశం పెరుగుతుంది. కొత్త మానిటర్ వచ్చిన వారంలోనే ముఖ్య మోడరేటర్ డిస్కార్డ్‌లో జవాబు రాస్తున్నాననుకుని ఆట విండోలో కొట్టారు. ఆటలో క్యూ అక్షరం చేతిలోని వస్తువును కింద పడేస్తుంది, ఇ అక్షరం సంచీ తెరుస్తుంది. ఒక వాక్యం పూర్తయ్యేలోపు కత్తి, కాగడా, రొట్టె సంత మధ్యలో నేల మీద పడ్డాయి. పక్కనున్న పిల్లలు ఏరుకున్నారు.

శబ్దాలు పెంచారు. ప్రతి టికెట్‌కూ, ప్రతి ఫిర్యాదుకూ, ఫిల్టర్ పట్టిన ప్రతి మాటకూ ఒక పింగ్. తర్వాత మేం రికార్డింగ్‌లో లెక్కపెట్టినప్పుడు సంత మంచి జోరులో ఉన్న 10 నిమిషాల్లో 41 పింగులు వచ్చాయి. పోలిక కోసం చెబుతున్నాం: రసాయన కర్మాగారాలు, విద్యుత్ కేంద్రాల కంట్రోల్ రూముల కోసం రాసిన ఈఈఎంయూఏ 191 అనే మార్గదర్శకం ప్రకారం ఒక ఆపరేటర్‌కు మామూలు సమయంలో 10 నిమిషాలకు ఒక అలారం అయితే భరించదగినది. 1979లో త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు తొలి నిమిషాల్లోనే 100కు పైగా అలారాలు మోగాయి. ఏది అసలైనదో ఆపరేటర్లు తేల్చుకోలేకపోయారు. ఇక్కడ పోయింది నాలుగు దుకాణాలే, కానీ తీరు అదే. మూడో వారానికల్లా మోడరేటర్లు శబ్దాలన్నీ కట్టేసుకున్నారు. టీఎన్‌టీ గురించి ఒక ఆటగాడు పెట్టిన టికెట్ ఆ నిశ్శబ్దంలోనే వచ్చింది, గుడ్ల టికెట్ల కింద పదమూడోదిగా.

మనుషులను పెంచారు. ఒక శనివారం నలుగురు కూర్చున్నారు, నలుగురికీ అన్ని అధికారాలూ ఇచ్చారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు కదా, అదే అయింది. ఒకరు మ్యూట్ చేసిన ఆటగాడిని ఇంకొకరు టికెట్ చదివి జాలిపడి విడిపించారు, మూడోవారు లాగ్ చూసి మళ్లీ మ్యూట్ చేశారు. ఆ పిల్లాడు ఐదు నిమిషాల్లో మూడుసార్లు నోరు మూసి తెరిచాడు. మరోపక్క యూట్యూబ్ చాట్‌ను ఒక్కరూ చూడలేదు. ఎవరో ఒకరు చూస్తున్నారనే నలుగురూ అనుకున్నారు.

మొదటి నిర్ణయం: ఒక రాత్రిని కొలవడం

ఏదైనా మార్చే ముందు ఒక సంత రాత్రి మూడు గంటలూ ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో తెరలు రికార్డు చేయమన్నాం. ఫోన్ రికార్డు చేయొద్దన్నాం. నేరుగా మెసేజ్ పెట్టేవాళ్లలో 18 ఏళ్లలోపు పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్లు చెప్పుకునేవి మా కంట పడాల్సిన పని లేదు. మౌస్ ఎక్కడ క్లిక్ చేసిందో, అక్షరాలు ఏ విండోలో పడ్డాయో కనిపించేలా ఏర్పాటు చేశాం.

రికార్డింగ్‌ను రెండుసార్లు చూశాం. మొదటిసారి చేతులు ఎక్కడున్నాయో మాత్రమే రాసుకున్నాం. రెండోసారి, చూడాల్సింది తెర మీద ఎప్పుడు కనిపించింది, దానికి స్పందన ఎప్పుడు వచ్చింది అన్నది. ఇలా విడదీయకపోతే అన్నిటికీ "ఏకాగ్రత లేదు" అన్న ఒక్క తీర్పే వస్తుంది. అది పనికిరాని తీర్పు.

చేతుల లెక్క తేల్చిందేమిటంటే, ఇన్ని విండోల్లో టైప్ చేస్తున్నా నిజంగా టైప్ చేయాల్సిన అవసరం రెండింటిలోనే ఉంది: కమాండ్లు ఇచ్చే చోట, మోడరేటర్లు తమలో తాము మాట్లాడుకునే చోట. మిగతావాటిలో రాసినవి ఆటగాళ్లకు సమాధానాలు, సర్దిచెప్పడాలు, నవ్వులు. ఆ పని ఇంకొకరు చేయొచ్చు, లేదా సంత అయ్యాక చేయొచ్చు.

కళ్ల లెక్క ఇంకా విలువైనది. రికార్డు చేసిన ఆ రాత్రి కూడా సంత అంచున ఒక చిన్న పేలుడు జరిగింది. అది ఆట విండోలో స్పష్టంగా కనిపించింది, విండో కళ్లెదుటే ఉంది, దాని మీద ఏ విండో అడ్డం లేదు. ముఖ్య మోడరేటర్ ఆ సమయంలో పక్క తెర మీద టికెట్ చదువుతున్నారు. చదివేటప్పుడు కంటి కొసన జరిగేది కనబడినా మనసుకు ఎక్కదు. 1999లో సైమన్స్, చాబ్రిస్ చేసిన ప్రయోగంలో బంతి పాసులు లెక్కపెడుతున్న వాళ్లలో దాదాపు సగం మంది మధ్యలోంచి నడిచి వెళ్లిన గొరిల్లా వేషాన్ని గమనించలేదు. తెర ఎంత పెద్దదైనా, చదువుతున్న మనిషి దాన్ని కాపలా కాయలేడు. అక్కడే మా దారి నిర్ణయమైంది: చూసే పని, రాసే పని ఒకే మనిషి ఒకే సమయంలో చేయకూడదు.

రెండో నిర్ణయం: కాపలా మనిషి, మాట మనిషి

శనివారం కనీసం ఇద్దరు. కాపలా మనిషి ఆటనూ, లాగ్ ఛానల్‌నూ చూస్తారు, చర్య తీసుకుంటారు. ఆటగాళ్లతో ఒక్క ముక్క మాట్లాడరు. మాట మనిషి టికెట్లకు జవాబిస్తారు, యూట్యూబ్ చాట్ చూస్తారు, గొడవలు సర్దుతారు. బ్యాన్, మ్యూట్ వారి చేతిలో ఉండవు. కావాలంటే కాపలా మనిషికి ఒక వాక్యం రాస్తారు. రెండోవారు దొరకని రాత్రి టికెట్ల ఛానల్‌కు తాళం వేసి "11 తర్వాత చూస్తాం" అని పిన్ చేయాలి. ఇది చాలా మందికి నచ్చలేదు, ఆటగాళ్లను పట్టించుకోనట్టుంటుందని. కానీ అర్ధగంట ఆలస్యంగా వచ్చిన జవాబుతో గుడ్ల వ్యాపారికి పెద్దగా పోయేదేమీ లేదు. దుకాణం పేలిపోయినవాడికి ఆ అర్ధగంటలో నెల రోజుల పని పోతుంది.

మాటతో చెప్పిన నియమం హడావుడిలో నిలవదు, కాబట్టి అనుమతుల్లోనే కట్టేయాలనుకున్నాం. డిస్కార్డ్‌లో "డ్యూటీ" అనే రోల్ (ఒక వర్గం సభ్యులకు కలిపి ఇచ్చే అనుమతుల మూట) సృష్టించి, పబ్లిక్ ఛానళ్లన్నిటిలో ఆ రోల్‌కు మెసేజ్ పంపే అనుమతి తీసేశాం. కాపలా మనిషి తప్పు విండోలో టైప్ చేసినా అది బయటికి పోదు.

మొదటి రాత్రి ఇది పని చేయలేదు. కారణం, ఆరుగురు మోడరేటర్లకూ అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఉంది. ఆ అనుమతి ఉన్నవారికి ఛానల్ స్థాయి నిషేధాలు ఏవీ వర్తించవు. దాన్ని తీసేసి, కావాల్సినవి (సభ్యులకు టైమౌట్, మెసేజ్‌ల తొలగింపు, లాగ్ చూడడం) విడివిడిగా ఇచ్చాం. రెండో రాత్రీ ఒకరి విషయంలో విఫలమైంది. వారికి పాత "సీనియర్" రోల్ కూడా ఉంది, ఆ రోల్‌కు అదే ఛానల్‌లో పంపే అనుమతి స్పష్టంగా ఇచ్చి ఉంది. ఒకే ఛానల్‌లో ఒక రోల్ వద్దని, ఇంకో రోల్ సరేనని అంటే డిస్కార్డ్‌లో సరే అన్నదే గెలుస్తుంది. పాత రోల్‌లో ఆ పచ్చ టిక్కును తీసి మధ్యస్థంగా పెట్టాక పని చేసింది. ఇలాంటి మార్పు చేసేటప్పుడు ఒక్కో మోడరేటర్ ఖాతాతో విడిగా పరీక్షించాలి. ఓనర్ ఖాతాతో పరీక్షిస్తే ఏమీ తేలదు, అతనికి ఏ నిషేధమూ అంటదు.

మూడో నిర్ణయం: కమాండ్లకు ఒకే తలుపు, దానికి ట్యాబ్ ఉండకూడదు

సాయిల సమస్యకు చాలామంది చెప్పిన పరిష్కారం "జాగ్రత్తగా పేరు చూసుకుని ఎంటర్ కొట్టండి" అని. జాగ్రత్త అనేది రాత్రి 10 దాటాక మిగలని వస్తువు. ట్యాబ్ పని చేయని చోటికి కమాండ్లను మార్చడం మేలనిపించింది.

డిస్కార్డ్‌ఎస్‌ఆర్‌వీ అనే ప్లగిన్ (సర్వర్‌కు తగిలించే అదనపు ప్రోగ్రామ్) ఆట చాట్‌ను డిస్కార్డ్‌లోకి తెస్తుంది. కన్సోల్‌ను కూడా ఒక ఛానల్‌గా తెస్తుంది, అందులో రాసింది సర్వర్ మీద కమాండ్‌గా నడుస్తుంది. ట్యాబ్ సాయం ఉండదు. పేరు పూర్తిగా రాయాలి, లేదా లాగ్ నుంచి కాపీ చేసి అతికించాలి. లాగ్‌లో తిట్టు పక్కనే తిట్టినవాడి పేరు ఉంటుంది కాబట్టి కాపీ చేస్తే తొమ్మిది మంది సాయిల్లో సరైన సాయే దొరుకుతాడు. పైగా ల్యాప్‌టాప్‌లో కన్సోల్ విండో, ఆట చాట్ కోసం చూసే విండో రెండూ అవసరం లేకుండా పోయాయి.

ప్రమాదం ఒకటుంది, పరీక్ష సర్వర్‌లో మొదటి రోజే బయటపడింది. ఒకరు మోడరేటర్ల ఛానల్ అనుకుని కన్సోల్ ఛానల్‌లో ఇంగ్లీషులో "స్టాప్" అని ఒక్క మాట రాశారు, ఇంకొకరి పనిని ఆపమని. సర్వర్ బుద్ధిగా మూతపడింది. ఆ ప్లగిన్ సెట్టింగుల్లో నడవకూడని కమాండ్ల జాబితా ఒకటి ఉంది. దాన్ని తిరగేసి, నడవాల్సినవి మాత్రమే ఉండే జాబితాగా మార్చే సెట్టింగూ ఉంది. అలా తిరగేసి మ్యూట్, తాత్కాలిక బ్యాన్, బ్యాన్ ఎత్తివేత, బయటికి పంపడం, ఈ నాలుగే ఉంచాం. ఇప్పుడు ఆ ఛానల్‌లో పొరపాటున "భోజనం అయిందా అన్నా" అని రాస్తే ఏమీ జరగదు. మోడరేటర్ల ఛానల్‌లో పొరపాటున కమాండ్ రాసినా ఏమీ జరగదు, పక్కవారు చూసి చెబుతారు. పొరపాటు ఎటు పడినా నష్టం లేని వైపే పడేలా తలుపు పెట్టాలి.

ఆట విండోలో టైప్ చేసే అవసరం పోయింది కాబట్టి కంట్రోల్స్‌లో చాట్ తెరిచే టి కీని, కమాండ్ తెరిచే కీని తొలగించాం. కాపలా మనిషి ఆట ఖాతా ఎప్పుడూ స్పెక్టేటర్ మోడ్‌లోనే, అంటే చూడడం మాత్రమే కుదిరే స్థితిలో ఉంటుంది. అందులో క్యూ కొట్టినా పడడానికి ఏమీ ఉండదు.

నాలుగో నిర్ణయం: వెనక్కి తిప్పగలిగేది వేగంగా, తిప్పలేనిది నిదానంగా

అనుమానం వస్తే కాపలా మనిషి ఎవరినీ అడక్కుండా చేయగలిగేది 10 నిమిషాల మ్యూట్, లేదా డిస్కార్డ్‌లో 10 నిమిషాల టైమౌట్. తప్పయితే దానంతట అదే తీరిపోతుంది. అంతకు మించినదానికి రెండో మనిషి "సరే" కావాలి. శాశ్వత బ్యాన్ సంత రాత్రి వేయకూడదు, మరుసటి రోజు లాగ్ చదివి వేయాలి. డిస్కార్డ్ ఆడిట్ లాగ్ 45 రోజులే నిలుస్తుంది, అందుకని ప్రతి చర్యకూ పేరు, కారణం, ఆధారం ఉన్న ఒక వరస విడిగా షీట్‌లో రాయాలి.

పేలుళ్ల నష్టాన్ని కోర్‌ప్రొటెక్ట్ అనే ప్లగిన్‌తో వెనక్కి తిప్పొచ్చు, కానీ ఇక్కడ తొందరపడితే రెండో నష్టం జరుగుతుంది. అనుమానితుడి పేరుతో, ఒక గంట సమయంతో, విశాలమైన వ్యాసార్థంతో తిప్పితే అతను నిజాయితీగా అమ్మిన కొన్నవి కూడా తిరిగిపోతాయి. పేలుడులో పోయిన బ్లాకులు అతని పేరు కింద కాకుండా పేలుడు పేరు కింద నమోదై ఉండొచ్చు. ముందు పరిశీలన మోడ్ ఆన్ చేసి గుంటలో రెండు మూడు చోట్ల క్లిక్ చేయాలి. అక్కడ ఏ పేరు కనిపిస్తే ఆ పేరుతోనే, 15 నుంచి 20 బ్లాకుల వ్యాసార్థంతో ప్రివ్యూ చూసి, అప్పుడు తిప్పాలి.

ఫిల్టర్ మరమ్మతు

ఫిల్టర్‌ను రెండు అరలుగా విడగొట్టాం. ఏ సందర్భంలోనూ మంచి అర్థం లేని బూతులు మొదటి అరలో. ఇవి వెంటనే ఆగిపోతాయి. సందేహం ఉన్నవి రెండో అరలో. ఇవి ఎవరినీ మ్యూట్ చేయవు, లాగ్ ఛానల్‌లో శబ్దం లేకుండా ఒక వరస పడుతుంది. గుడ్డు కుటుంబమంతా రెండో అరకు వెళ్లింది. కోళ్ల వ్యాపారం ఆ వారమే కోలుకుంది. దీక్షిత్‌లను అనుమతి జాబితాలో చేర్చాం.

నక్షత్రం గుర్తు తీసేసి, మొదటి అరలోని మాటలకు మూలం, దాని వెనక రాగల ప్రత్యయాల జాబితా కలిపి రెజెక్స్ (అక్షరాల నమూనాను పట్టే సూత్రం) రాశాం. డిస్కార్డ్ ఆటోమాడ్‌లో ఒక నియమానికి గరిష్ఠంగా 10 రెజెక్స్‌లు, ఒక్కోటి 260 అక్షరాల లోపు. తెలుగు లిపిలో రాసేటప్పుడు ఈ లెక్క త్వరగా నిండిపోతుంది. మనకు ఒకే అక్షరంలా కనిపించే "క్రా" లోపల నాలుగు యూనికోడ్ సంకేతాలు: క, పొల్లు, ర, దీర్ఘం. కాబట్టి పొడవైన జాబితాలు ఇంగ్లీషు అక్షరాల రూపాలకు ఉంచి, తెలుగు లిపికి పొట్టి మూలాలు వాడాం. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘాన్ని ఒకరు ఒక "ఎ"తో, ఇంకొకరు రెండు మూడు "ఎ"లతో రాస్తారు. అచ్చు పక్కన కూడిక గుర్తు పెడితే ఒకటైనా పదైనా పట్టుకుంటుంది.

మరో పొరపాటు దాదాపు చేయబోయాం. ఫిల్టర్‌ను తప్పించుకోవడానికి కొందరు మాట మధ్యలో కంటికి కనిపించని, అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం పెడతారు. ఆ సంకేతం ఉన్న ప్రతి మెసేజ్‌నూ ఆపేద్దామని ఒక మోడరేటర్ అన్నారు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లను కూల్చేసి, యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దిన సంగతి కూడా గుర్తు చేశారు. భయం అర్థమయ్యేదే. కానీ తెలుగులో ఆ సంకేతం న్యాయమైనది. "మైన్‌క్రాఫ్ట్" అన్న మాటలోనే న్ తర్వాత అది ఉంది, లేకపోతే క కిందికి పోయి ఒత్తవుతుంది. ఆపేసి ఉంటే సర్వర్‌లో ఆట పేరే రాయలేకపోయేవారు. ఆట వైపు ఫిల్టర్‌లో, పోల్చే ముందు ఆ సంకేతాన్ని తీసేసి, ఆటగాడు రాసింది మాత్రం రాసినట్టే చూపించేలా మార్చాం.

అర్ధరాత్రి షిఫ్టు

సంత 11కు ముగిసినా జనం 2 దాకా ఉంటారు. అప్పటికి ఇక్కడి మోడరేటర్లకు కళ్లు మూతలు పడుతుంటాయి. డాలస్‌లో ఉన్న మోడరేటర్ అర్ధరాత్రి 12కు బాధ్యత తీసుకునేలా ఏర్పాటైంది. అక్కడ అది శనివారం మధ్యాహ్నం 1:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఆ తర్వాతి శనివారం వారు మామూలుగా 1:30కే కూర్చున్నారు, ఇక్కడ అప్పటికి 1 అయింది. మధ్యలో గంటసేపు సర్వర్‌కు కాపలా లేదు. షిఫ్టు పట్టికను భారత సమయంలోనే రాసి, డాలస్ వారి క్యాలెండర్‌లో భారత టైమ్ జోన్‌తో రిమైండర్ పెట్టాక మార్చిలో గడియారాలు ముందుకు జరిగినా తేడా రాలేదు.

బాధ్యత అప్పగించేటప్పుడు నాలుగు వరసలు రాయాలి: ఇప్పుడు మ్యూట్‌లో ఎవరున్నారు, ఎప్పటికి తీరుతుంది, ఎవరి మీద కన్నేశాం, మాటిచ్చి తీర్చనిది ఏమిటి. చివరిది ముఖ్యం. "రేపు చూస్తాం తమ్ముడూ" అని ఒకరు చెప్పిన మాట ఇంకొకరికి తెలియకపోతే, ఆ పిల్లాడు మరుసటి వారం కోపంతోనే వస్తాడు.

ఇప్పటి పరిస్థితి, మిగిలిపోయినవి

కాపలా మనిషి ముందు ఇప్పుడు రెండు తెరలు, మూడు విండోలు: ఆట, లాగ్, కన్సోల్ ఛానల్ పక్కన మోడరేటర్ల ఛానల్ ఉన్న డిస్కార్డ్. శబ్దం చేసేది ఒక్కటే, మాట మనిషి పిలుపు. ఓనర్ కొన్న పెద్ద మానిటర్ మాట మనిషికి వెళ్లింది. మార్పులు పూర్తయిన తర్వాతి ఎనిమిది సంతల్లో తప్పు విండో సంఘటన ఒక్కటీ లేదు. పేలుళ్లు రెండు జరిగాయి, రెండింటినీ మూడు నిమిషాల లోపే పట్టుకున్నారు. ఎనిమిది రాత్రులు తక్కువే, పరీక్షల సీజన్‌లో జనం కూడా తగ్గారు, కాబట్టి వేసవి సెలవుల్లో మళ్లీ లెక్క తీయాలి.

యూట్యూబ్ చాట్ నుంచి వచ్చే ఫిర్యాదులతో చిక్కు పూర్తిగా పోలేదు. లైవ్ అసలు ఆట కంటే కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. "అదిగో దొంగ" అని అక్కడ రాసేసరికి ఇక్కడ దొంగ సంత దాటి ఉంటాడు. అందుకని మాట మనిషి ఆ ఫిర్యాదును చోటు పేరుతో మాత్రమే పంపుతారు, కాపలా మనిషి ఆ చోట లాగ్ వెతుకుతారు.

వాయిస్ ఛానల్‌కు మాత్రం దారి దొరకలేదు. అక్కడి మాటకు లాగ్ ఉండదు, వెనక్కి వెళ్లి వినలేం, వరసలో నిలబెట్టలేం. బటన్ నొక్కితేనే మాట వినబడే నియమం పెట్టాక గోల తగ్గింది. అయినా ఒకరి చెవి అక్కడ ఉండాల్సిందే, అది ఎవరి చెవి అన్నది ప్రతి శనివారం 7:45కి పేరు రాసి తేలుస్తున్నారు.